రెండో పాట

అత్తగారు కోడల్ని ఎవరికి పరిచయం చేసినా ఒకటే మాట. "మా యార్మో సినిమాలు తీస్తాడు. ఇదిగో, ఈ అమ్మాయి తోడు వెళ్తుంది."

ఆ ఆదివారం కాఫీకి వచ్చిన చుట్టాలతోనూ అత్తగారు ఇర్మేలి అదే మాట అంది. కోడలు కిర్సి ఎప్పటిలాగే నవ్వింది. నవ్వుతూనే ఖాళీ కప్పులు పోగుచేసి సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. సింకులో అప్పటికే మైకు మీద తొడిగే బొచ్చు సంచి నానుతోంది. గాలి హోరు లోపల పడకుండా వేసే సంచి అది. మొన్న సరస్సు ఒడ్డున షూటింగులో బురదలో పడింది. కప్పులు పక్కన పెట్టి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, తలకు రాసుకునే షాంపూతో ఆ బొచ్చును పాయలు పాయలుగా రుద్దుతోంటే, యార్మో పిన్నికూతురు తొంగిచూసి "అయ్యో, పిల్లిగానీ చచ్చిందా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. సోఫాలో కూర్చున్న యార్మో కూడా నవ్వి, డాక్యుమెంటరీకి బొమ్మ ఒళ్ళయితే శబ్దం ప్రాణమని, ఆ ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉండకపోతే సినిమా శవమని వాళ్ళకు వివరంగా చెప్పాడు. ప్రాణాన్ని షాంపూ పెట్టి ఉతుకుతున్నది ఎవరో అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఇంకాస్త కాఫీ పెట్టమన్నారు, పెట్టింది.

తోడు వెళ్తుంది. మాట అబద్ధమేమీ కాదు. వ్యాను తనే నడుపుతుంది, ఎందుకంటే దారిలో యార్మో ఆలోచించుకోవాలి. ఊళ్ళో దిగగానే ముందు తనే వెళ్ళి మాట్లాడుతుంది, ఎందుకంటే యార్మోకి కొత్తవాళ్ళంటే బిడియం. ఆ బిడియాన్ని పత్రికలవాళ్ళు లోతు అని రాస్తారు. ఎవరి వంటగదిలోనో కూర్చుని, వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించీ చచ్చిపోయిన కుక్క గురించీ విని, వాళ్ళకు తన మీద నమ్మకం కుదిరాక, బయట వ్యానులో కూర్చున్న మొగుణ్ణి లోపలికి పిలుస్తుంది. మైకు పట్టుకునేది తను, రికార్డరు వేలాడేది తన భుజాన. చలికాలమంతా ఆ మాటలన్నీ వరస పెట్టి, కత్తిరించి, అతికి, ఒక కథగా నిలబెట్టేదీ తనే. యార్మో వెనక కుర్చీలో కూర్చుని "ఊఁ" అంటాడు, "ఊహూఁ" అంటాడు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు దర్శకత్వం, రచన, కూర్పు అన్నీ అతని ఖాతాలో పడ్డాక, డ్రైవర్లూ భోజనాలు తెచ్చినవాళ్ళ వరసలో "సహకారం: కిర్సి" అని వస్తుంది. ఇంటిపేరు కూడా ఉండదు. "మన ఇంటిపేరు ఒకటే కదా, రెండుసార్లెందుకు?" అన్నాడొకసారి. అప్పుడది ఆమెకు ముద్దుగా అనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

ఈ డాన్సు హాలు సినిమా ఆలోచన కూడా ఆమెదే. ఫిన్లాండు పల్లెల్లో వేసవి వచ్చిందంటే శనివారం డాన్సు హాలుకి పోవాల్సిందే. చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి, చెప్పులు మార్చుకునే బల్ల మీద కూర్చుని, గోడవారగా వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను కిర్సి చూస్తూ ఉండేది. జుట్టు సర్దుకుంటూ, ఏమీ పట్టనట్టు ఎటో చూస్తూ, తమ వైపు వచ్చే బూట్లు ఎవరి ముందు ఆగుతాయోనని కళ్ళ చివరల్నుంచి కనిపెట్టే మొహాలు. "ఆ మొహాలు మాత్రమే తీస్తే ఎలా ఉంటుంది? డాన్సు కాదు, ఎదురుచూపు," అంది ఓ రోజు బంగాళాదుంపల తోలు తీస్తూ. యార్మో "ఊఁ" అన్నాడు. మరుసటి వారం స్నేహితుల దగ్గర "నాకో ఆలోచన వచ్చింది" అని మొదలుపెట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆ ఆలోచన సినిమాకి డబ్బిచ్చే టీవీవాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి అందులో గోడ పోయింది, ఎదురుచూపు పోయింది. "సమాజం నిండా గోడలే," అన్నాడు వాళ్ళతో. "డాక్టరూ ట్రాక్టరు డ్రైవరూ చెయ్యీ చెయ్యీ కలిపేది డాన్సు హాల్లోనే. అక్కడ నువ్వెవరని ఎవరూ అడగరు. నా సినిమా ఆ స్వేచ్ఛ గురించి." వాళ్ళు తలలూపారు. కిర్సి కూడా ఊపింది, అలవాటు కొద్దీ.

సరస్సు ఒడ్డున చెక్కలతో కట్టిన పాత హాలు అది. అక్కడి పద్ధతి ఏమిటంటే, మగవాళ్ళ వంతు నడుస్తున్నప్పుడు మగవాడు హాలు దాటి వచ్చి తల వంచి అడుగుతాడు. ఆడమనిషి కాదనకూడదు. కాదంటే వాడికి చేతి తొడుగులిచ్చి పంపింది అంటారు, మొహం మీదే పొమ్మందని; ఊరంతా వారం రోజులు అదే చెప్పుకుంటారు. లేచి వెళ్ళాక ఒక పాట కాదు, రెండు పాటలు ఆడాలి. రెండో పాట అయ్యాక అతను ఆమెను తీసుకొచ్చి, ఎక్కణ్ణుంచి పిలిచాడో అక్కడే గోడ దగ్గర నిలబెట్టాలి. అప్పుడు ఇద్దరూ "కీతోస్" అనుకుంటారు. థాంక్స్ అని. రెండో పాట తర్వాత చెబితే అది మర్యాద. మొదటి పాటకే చెబితే మాత్రం నలుగురిలో చెంప పగలగొట్టినట్టు. కొంతసేపయ్యాక బ్యాండు వెనక బోర్డు వెలుగుతుంది, ఆడవాళ్ళ వంతని. అప్పుడు ఆడవాళ్ళు వెళ్ళి అడగొచ్చు.

తెల్లెర్వోని పట్టుకొచ్చింది కిర్సే. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది, డాన్సు బూట్లు గుడ్డ సంచీలో పెట్టుకుని, ఇంట్లో చేసిన చేప రొట్టె కాగితంలో చుట్టుకుని ప్రతి శనివారం బస్సులో వచ్చేది. ఆడవాళ్ళ వంతు వెలిగినప్పుడు మాత్రం వెళ్ళి బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. "ఎవర్నీ అడగరేం?" అంది కిర్సి ఒకసారి. "అడక్కుండా ఉండటం కూడా నా ఇష్టమే కదా అమ్మాయ్!" అని నవ్వింది ముసలావిడ. కిర్సికి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేం. యార్మో మాత్రం అది సినిమాకి పనికిరాదన్నాడు. కూర్చున్నవాళ్ళలో స్వేచ్ఛ ఏం కనిపిస్తుందన్నాడు.

ఆ శనివారం తెల్లెర్వో గౌనుకి చిన్న మైకు తగిలించి, దాని తీగనీ, మాటల్ని గాలిలోనే రికార్డరుకి పంపే చిన్న డబ్బానీ నడుము వెనక దాచి, కిర్సి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గోడ పక్కన నిలబడింది. రౌనో అనే ఆయన వచ్చి తల వంచాడు. ఆవిడ మొగుడికి పాత స్నేహితుడు, చుట్టుపక్కల అంత బాగా టాంగో ఆడేవాడు లేడని పేరు. మొదటి పాట మధ్యలో బ్యాండు హోరెక్కువై అతనేమన్నాడో కిర్సికి వినపడలేదు. పాట ఆగింది. జంటలన్నీ రెండో పాట కోసం చేతులు పట్టుకునే నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో తెల్లెర్వో "కీతోస్" అంది. చెయ్యి విడిపించుకుని, హాలు మధ్య నుంచి ఒక్కతే నడుచుకుంటూ వచ్చేసింది. జనం ముక్కున వేలేసుకున్నారు. రౌనో పాపం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు గుండీలు తడుముకున్నాడు. "చూశావా! వచ్చిందా షాటు! ఇదీ స్వేచ్ఛంటే!" అని యార్మో కెమెరా వెనక నుంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కిర్సి అతని మాట వినిపించుకోకుండా ఆవిడ వెనకాలే ఆడవాళ్ళ గదిలోకి పరిగెత్తింది. మైకు పట్టుకునే మనిషిగా వెళ్ళలేదు, మామూలుగా వెళ్ళింది. ఆ తొందరలో రికార్డరు ఆపడం మర్చిపోయింది. తన వృత్తిలో చేయకూడని తప్పు, కొత్తగా చేరిన పిల్లలు చేసే తప్పు.

తెల్లెర్వో అద్దం ముందు కూర్చుని బూటు తాడు విప్పుతోంది. పక్కన కొళాయి కారుతోంది.

"ఏమైందండీ? ఏమైనా అన్నాడా?"

"పాపం వాడేం చెడ్డ మాట అనలేదు. మెచ్చుకున్నాడు. 'నీ మొగుడు ఎప్పుడూ చెప్పేవాడు తెల్లెర్వో, మా ఆవిడ దేనికీ కాదనదు అని,' అన్నాడు." తాడు ముడి పడింది. దాంతో కుస్తీ పడుతూనే చెప్పింది. "నిజమే. నేనెప్పుడూ కాదనలేదు. పక్కలో కూడా. కాదంటే ఏమవుతుందో నాకు తెలియనే తెలియదు. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు, బంగారంలాంటి మనిషని ఊరంతా అంటారు. కాకపోతే అడిగేవాడు కాదు. పదిమందిలో చెప్పుకునేందుకు అది బాధలాగా కూడా ఉండదు చూడు. నేను ఈ హాలుకి ఎందుకొస్తానో తెలుసా? ఇక్కడ కాదనడానికి లేదు సరే. కానీ తల వంచి అడుగుతారు. ఇన్నేళ్ళొచ్చాక ఒకడు ఎదురుగా వచ్చి, తల వంచి, ఆడతావా అని అడిగితే ఎలా ఉంటుందో నీకు తెలియదు."

"తెలియదండీ," అంది కిర్సి. అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. "నన్ను కూడా ఎవరూ అడగలేదు. నా ఆలోచన తీసుకునేముందు అడగలేదు, వాళ్ళమ్మని మా ఇంటికి తెచ్చేముందు అడగలేదు. వ్యాను స్టార్ట్ చేసినప్పుడల్లా, ఈయన ఎక్కకముందే పోనిచ్చేస్తే ఎలా ఉంటుందని అనుకుంటాను. రోజూ అనుకుంటాను. నేను లేనన్న సంగతి బ్యాటరీలు అయిపోయేదాకా ఆయనకు తెలియదండీ. నాకు ఆయన మీద ప్రేమ ఉందో, అలవాటు ఉందో కూడా తెలియడం లేదు."

తెల్లెర్వో గుడ్డ సంచీ దగ్గరికి లాక్కుంది. రుమాలు తీసి ఇచ్చింది. గోడ అవతల రెండో పాట నడుస్తూనే ఉంది.

రికార్డరు మీద ఎర్ర దీపం వెలుగుతోందని కిర్సి తిరుగు ప్రయాణంలో గానీ చూసుకోలేదు. ఇంటికెళ్ళగానే చెరిపేద్దామనుకుంది. కానీ మర్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెరపబోయి, ముందొకసారి వింది. మళ్ళీ వింది. ఇన్నేళ్ళూ ఆ చెవుల్లో ఎంతమంది గొంతులు పోసుకుందో లెక్కలేదు, తన గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు. ఎవరో తెలిసిన మనిషి మాట్లాడుతున్నట్టే ఉంది, ఆ మనిషి మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. చెరపడానికి చెయ్యి రాలేదు. తర్వాత చూద్దాంలే అని వదిలేసింది.

ఆకులు రాలే కాలం వచ్చింది. ఓ రోజు అత్తగారిని కళ్ళ డాక్టరుకి చూపించి, ఆవిడకి కావాల్సిన రై పిండి రొట్టె, పుల్ల మజ్జిగ కొని, సంచులు మోసుకుంటూ ఇంటికొచ్చేసరికి ఎడిటింగ్ గదిలో యార్మో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద అదే ముక్క నడుస్తోంది. కిర్సి సంచులు దింపలేదు. అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. తెల్లెర్వో మాటలు అయిపోయాయి. తన మాటలు ఎక్కడ మొదలవుతాయో, ఎక్కడ ఆగుతాయో తెర మీది గీతల్లో ఆమెకు కనిపిస్తూనే ఉంది. వ్యాను. బ్యాటరీలు. ప్రేమ, అలవాటు. యార్మో ఆసాంతం విన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి ఇటు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు.

"కిర్సీ," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ పేరు అంత మెత్తగా ఎప్పుడన్నాడో ఆమెకు గుర్తు లేదు. సిగ్గు వేసింది, భయం వేసింది, వాటి అడుగున సంతోషమూ వేసింది. విన్నాడు. ఇక చెప్పక్కర్లేదు. తిట్టనీ, ఏడవనీ, ఇల్లు ఎగిరిపోయేలా అరవనీ, ఇప్పుడు మాత్రం అడుగుతాడు.

"ఇదే సినిమా!" అన్నాడు యార్మో. "వేసవంతా నేను వెతికింది ఇదే. ముసలావిడ ఎంత గొప్పగా మాట్లాడింది! నాకు చెప్పనే లేదేం? దీన్ని సరిగ్గా మధ్యలో పెడదాం. మధ్యలో నీ చప్పుడు కాస్త పడింది, అది తీసెయ్. ఆవిడ గొంతొక్కటే ఉండాలి."

చప్పుడు. కిర్సి సంచులు దింపి, వంటగదిలోకి వెళ్ళి, మజ్జిగ ఫ్రిజ్‌లో పెట్టింది.

ఆ రోజు అడగలేదు. పని హడావిడిలో ఉన్నాడు, రేపు అడుగుతాడనుకుంది. మర్నాడూ అడగలేదు. అన్నం తినేటప్పుడు అతని మొహం చూసేది. వ్యాను తాళాలు అందుకునేటప్పుడు చూసేది, వ్యాను అన్న మాట ఏమైనా తగిలిందేమోనని. అతను మామూలుగా ఉప్పు అడిగాడు, కళ్ళజోడు ఎక్కడుందని అడిగాడు, ఆవిడ గొంతు కింద నీళ్ళ కొళాయి చప్పుడు పోతుందా అని అడిగాడు. కోపం దాచుకుంటున్నాడా అంటే, అదీ కాదు. హాయిగా ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట చల్లారితే ఏడుపొచ్చేది. తిట్టినా బావుండేది. ఒక మనిషి గుండె చించి చూపిస్తే, దాంట్లోంచి కొళాయి చప్పుడు ఏరుకునే మొగుణ్ణి ఏమనాలి? ఆదివారం కాఫీ దగ్గర ఇర్మేలి చుట్టాలతో "ఈసారి మావాడు ఆడవాళ్ళ మనసు పట్టేశాడట!" అంది మురిసిపోతూ. "ఎలా పట్టావురా?" అని ఎవరో అడిగితే, "వినాలి, అంతే. ఓపిగ్గా వినాలి," అన్నాడు యార్మో. కిర్సి కాఫీ జగ్గు పట్టుకుని వెనక నిలబడి ఉంది. వేడిగా ఉంది జగ్గు, కింద పెట్టాలని కూడా తోచలేదు.

టీవీవాళ్ళు సినిమా చూడటానికి వచ్చే వారం అది. కిర్సి ఎవరికీ చెప్పకుండా తెల్లెర్వో ఇంటికి వెళ్ళింది. ఆవిడ కాఫీ పెట్టింది, యాలకుల బన్ను కోసి ముందు పెట్టింది. బన్ను ముట్టుకోకముందే కిర్సి జరిగిందంతా చెప్పేసింది. మైకు ఆపలేదని, మాటలన్నీ పడ్డాయని, అవి సినిమాలో పెడతానంటున్నాడని.

ముసలావిడ మొహం గట్టిపడింది. "తగిలించింది నువ్వు. ఆపాల్సింది కూడా నువ్వే."

"నేనేనండీ."

"నేను నీతో చెప్పుకున్నాను. దేశంతో కాదు."

"మీరు వద్దంటే ఇవాళే చెరిపేస్తాను. సినిమాకి ఒప్పుకుంటూ మీరు పెట్టిన సంతకం ఉందని ఆయనంటాడు, ఎన్ని సంతకాలున్నా సరే."

"ముందు విననీ."

కిర్సి హెడ్‌ఫోన్స్ ఆవిడ తెల్లజుట్టు మీద సర్ది, యార్మో కోరినట్టు కత్తిరించిన ముక్క వినిపించింది. తెల్లెర్వో కళ్ళు మూసుకుని వింది. అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో నేనొక్కదాన్నే ఎందుకు మాట్లాడుతున్నాను? పిచ్చిదానిలాగా, అద్దంతో! నువ్వు అడిగావు, నేను చెప్పాను. నేను చెప్పాక నువ్వూ చెప్పావు. అదంతా ఏది?"

"నాది తీసేయమన్నాడు."

"విన్నాడా మీ ఆయన, నీ మాటలు?"

"విన్నాడు."

"ఏమన్నాడు?"

"చప్పుడన్నాడు."

తెల్లెర్వో ఫక్కున నవ్వింది. నవ్వు ఎంతో దూరం పోలేదు. "మా ఆయన బతికుంటే అంతే అనేవాడు," అంది. బన్ను ముక్క కిర్సి వైపు జరిపింది. "ఇదిగో అమ్మాయ్. ఉంటే ఇద్దరివీ ఉండాలి. లేదంటే రెండూ చెరిపెయ్, నేనేమీ అనుకోను. నా వయసుకి నాకు పోయేదేం లేదు, ఊళ్ళో నాలుగు రోజులు గుసగుసలాడుకుంటారు, రౌనోగాడు మొహం చాటేస్తాడు. నీకు పోయేది ఉంది. అందుకని నిన్ను నేను బలవంతపెట్టను. కానీ నా ఒక్కదాని గుడ్డలు విప్పి నిలబెట్టి, నువ్వు తెర వెనక దాక్కుంటానంటే మాత్రం ఒప్పుకోను."

ఇంటికొచ్చేసరికి యార్మో వంటగదిలో నిలబడి సాసేజి ముక్కలు కోసుకుంటున్నాడు. మధ్యాహ్నానికే వెలుతురు తగ్గిపోయే రోజులు.

"ఎక్కడికెళ్ళావు? రేపు వాళ్ళొస్తున్నారు."

"తెల్లెర్వో దగ్గరికి. ఒప్పుకుంది. ఇద్దరి మాటలూ ఉంటేనే."

"ఇద్దరెవరు?"

"ఆవిడా, నేనూ."

కత్తి ఆగింది. "నీవెందుకు? నీవి ఉంటే అది సినిమా అవుతుందా? మన ఇంటి గోల అవుతుంది."

"యార్మో, నేనేమన్నానో నువ్వు విన్నావు కదా?"

"విన్నాను."

"మరి?"

"మరి ఏముంది?" నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఆ రోజు అలిసిపోయి ఉన్నావు. ఆడవాళ్ళు ఇద్దరు చేరితే మొగుళ్ళ మీద ఏదో ఒకటి అనుకుంటారు. అవన్నీ పట్టించుకుంటే సంసారాలు సాగుతాయా? నేనేమీ మనసులో పెట్టుకోలేదులే."

క్షమించేశాడన్నమాట. అదీ ఆమెను అడక్కుండానే. ఇన్ని రోజులూ ఆమె ఆ మొహంలో ఏదో దాగి ఉందని వెతికింది. అతను బాధపడి దాచుకున్నాడేమో, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక తిరుగుతున్నాడేమో అని రకరకాలుగా నచ్చజెప్పుకుంది. ఏమీ లేదక్కడ. ఆమె మాటలు అతని చెవిదాకా వెళ్ళాయి, మనసుకి మాత్రం చేరలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేనెప్పుడూ నోరు తెరిచి అడగలేదు కదా అని తన్ను తాను తిట్టుకుంటూ బతికింది ఇన్నేళ్ళూ. నోరు తెరిస్తే ఏమవుతుందో ఇప్పుడు చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు.

"నాది కూడా పెడుతున్నాను," అంది.

"పిచ్చా నీకు? అమ్మ చూస్తుంది. ఊరంతా చూస్తుంది. నా సినిమాలో నా పెళ్ళామే నన్ను... నవ్వరా జనం?"

"లేకపోతే రెండూ తీసేస్తాను. మిగిలినదాన్ని వాళ్ళకి చూపించుకో."

"ముసలావిడ లేకపోతే ఇంకేం మిగిలింది అందులో?" అతని గొంతు హెచ్చింది. తర్వాత, ఎప్పుడూ చేసేదే చేశాడు. కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నెమ్మదిగా, ఒక్కో మాటా ఒత్తి పలికాడు. "అయితే ఒకటి చెప్తున్నా విను. ఆ ముక్క ఉంటే సినిమా మీద నా పేరు ఉండదు. ఉండటానికి వీల్లేదు."

ఇలాంటివి ఇంతకుముందూ అన్నాడు. నేను షూటింగుకి రానన్నాడు, సినిమా ఆపేస్తానన్నాడు, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో నేను పడుకుంటానన్నాడు. అన్నప్పుడల్లా ఆమె కాస్సేపు నిలబడి, "సర్లే" అనేది. ఆ సర్లే కోసం ఇప్పుడూ చూశాడు. ఆమె ఏమీ అనకపోతే, అన్నట్టే లెక్క వేసుకుని, మళ్ళీ సాసేజి కోసుకోవడంలో పడ్డాడు.

కిర్సి ఎడిటింగ్ గదిలోకి వెళ్ళి కూర్చుంది. కత్తిరించిన తన గొంతును తీసిన చోటే తిరిగి పెట్టింది. కొళాయి చప్పుడు కూడా ఉంచింది. భయంగానే ఉంది. రేపు టీవీవాళ్ళు సినిమా అక్కర్లేదనొచ్చు. ఇర్మేలి చచ్చేదాకా మాట్లాడకపోవచ్చు. ఈ ఇంట్లో ఈ గది రేపటికి తనది కాకపోవచ్చు. ఎక్కడికి పోతుంది, ఎలా బతుకుతుంది, ఈ వయసులో ఎవరు పని ఇస్తారు, ఏదీ తెలియదు. సినిమా మొదటికి వెళ్ళి, నల్ల తెర మీద తెల్లగా మెరుస్తున్న అతని పేరు చూసింది. ఆఖరికి వెళ్ళింది, అక్కడ ఇంకా ఎక్కువ చోట్ల ఉంది. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది.

"కిర్సీ!" వంటగదిలోంచి పిలిచాడు యార్మో. "ఏం చేస్తున్నావక్కడ?"

"నువ్వు చెప్పిన పనే," అంది.